రెండో బ్రేకు

ఆ వేసవి మొదటి ఆదివారం ఉదయం కారులో ఉన్నవారు, కూర్చున్న వరుసలో: స్టీరింగు ముందు మా కోడలు; ఆమె పక్క సీటులో నేను; నా వెనక మా ఆవిడ; మా ఆవిడ ఒడిలో ఒక సంచి, సంచిలో చన్నీళ్ళ సీసా, తడి తువాలు, విసనకర్ర; కోడలి వెనక మా అబ్బాయి, ముందు సీటు వీపును రెండు చేతులా పట్టుకుని. కారు మాది కాదు; మాది ఇంటి దగ్గరే వదిలి, జాగ్రత్త కోసం దీన్ని అడిగి తెచ్చుకున్నాం. ఒకప్పుడు నా దగ్గర పనిచేసి, ఇప్పుడు డ్రైవింగు స్కూలు నడుపుకుంటున్న ఒకాయనది. ఎదురుగా ఏటి మీది వంతెన. కారు కదలటం లేదు.

ఎవరెక్కడ కూర్చున్నారో ముందుగా చెప్పటం నా పాత అలవాటు. నేను వాహన పరీక్షాధికారిగా పదవీ విరమణ చేశాను. మనుషులకు బండి నడపటం వచ్చునో రాదో తేల్చి చెప్పటం నా పని. పక్క సీటులో కూర్చోవటం, కదలండి, తిప్పండి, ఆపండి అనటం, అంతకుమించి పెదవి విప్పకపోవటం. ఆ మౌనంలోనే నా ఉద్యోగమంతా గడిచింది. నా దగ్గర తప్పినవారు ఎక్కువ, నెగ్గినవారు తక్కువ కనుక జనం నాకు ‘ఎర్రదీపం’ అని పేరు పెట్టారు. ఆ పేరు నాకు తెలియదని అందరూ అనుకునేవారు. మా ఆవిడ కోపం వచ్చినప్పుడల్లా ఇంట్లో అదే పేరు వాడేది కనుక తెలియకపోవటానికి వీలు లేదు.

మా కోడలు అంబులెన్సు డ్రైవరు. పెద్ద బండ్ల లైసెన్సు కోసం ఆమె నా ముందుకే వచ్చింది. నాకు భోజనం క్యారేజీ తెచ్చిన మా వాడు ఆ పరీక్ష మైదానంలోనే ఆమెను మొదట చూశాడు. ఆమె మొదటిసారే నెగ్గింది. మా వాడు అదే మైదానంలో మూడోసారికి గాని నెగ్గలేదు. ఈ తేడా విషయంలో మా ఆవిడ నన్ను ఇప్పటికీ క్షమించలేదు.

ఎండలు ముదరబోతున్న ఒక మధ్యాహ్నం, రోగిని ఆసుపత్రిలో దింపి ఖాళీ బండితో తిరిగివస్తూ, సరిగ్గా ఈ వంతెన మధ్యలో ఆమెకు గుండె దడ మొదలైంది. ఊపిరి అందలేదు. చేతివేళ్ళు తిమ్మిరెక్కాయి. ప్రాణం పోతోందనుకుని బండి పక్కకు తీసి ఆపింది. వెంట ఉన్న నర్సు మరో అంబులెన్సును పిలిచింది. అంబులెన్సు డ్రైవరును అంబులెన్సులో వేసుకుని వెళ్ళారు. పరీక్షలన్నీ చేసి, గుండె గుండ్రాయిలా ఉందన్నారు. ఆ తర్వాత అదే దడ కూరగాయల కొట్లో వచ్చింది. స్నానాల గదిలో వచ్చింది. చివరికి, అది ఎప్పుడు వస్తుందోనన్న భయమే పొద్దస్తమానం ఆమెతో కాపురం చేయసాగింది.

ఆ ఆదివారం వంతెన మొదట్లో ఆమె పిడికిళ్ళు స్టీరింగు మీద బిగుసుకుపోయాయి. మా ఆవిడ వెనకనుంచి, ఏం కాదమ్మా, ఏం కాదమ్మా అంటూనే సీసా మూత తీసింది. మా అబ్బాయి, తాను నడుపుతానని, ఆమె కళ్ళు మూసుకుని పక్కన కూర్చుంటే చాలునని అన్నాడు. నేను అలవాటు ప్రకారం ఏమీ అనలేదు.

“వెనక్కి తిప్పేస్తాను మామయ్యా,” అంది కోడలు.

తిప్పింది. అద్దం చూసింది, సైగ దీపం వేసింది, వెనక వచ్చేవాడికి దారి ఇచ్చింది. ఒక్క తప్పు చేయని ఆ చేతులు ఓడిపోయి ఇంటికి వెళుతున్నాయి. ఇల్లు చేరాక మా ఆవిడ సీసాలోని నీళ్ళను బాల్కనీలో మొక్కకు పోసింది.

*

కోడలి పై అధికారి మంచివాడే. వానలు మొదలయ్యేదాకా ఆమె స్థానం ఖాళీగా ఉంచుతానన్నాడు. వానాకాలంలో రోడ్డు ప్రమాదాలు ఎక్కువ. అప్పటికి డ్రైవరు ఉండి తీరాలి. అందుకని వానలు మొదలుకాగానే ఆమెకు పరీక్ష. పక్కన పరీక్షాధికారి కూర్చోగా వంతెన దాటి ఆసుపత్రికి వెళ్ళి తిరిగి రావాలి. రాలేకపోతే శాశ్వతంగా ఫోను గదికి బదిలీ. అప్పటికే ఆమె ఆ గదిలో కూర్చుని, వచ్చిన పిలుపులు అందుకుని, మిగిలిన వారిని పంపుతోంది.

“కుర్చీలో కూర్చుని బండ్లు తోలుతున్నాను మామయ్యా,” అని ఒక సాయంత్రం నవ్వబోయింది. నవ్వు సగంలోనే ఆగింది.

మా అబ్బాయికి మందుల కొట్టు ఉంది. తన కొట్టుకు ఎక్కువగా చీటీలు రాసే మానసిక వైద్యురాలి దగ్గరకు అతడే తీసుకువెళ్ళాడు. పెద్దవాడు ఒకడు వెంట ఉండాలని మా ఆవిడ నన్నూ పంపింది. డాక్టరమ్మ పొట్టి మనిషి, నెరిసిన జుట్టు, తొందరలేని మాట. కోడలు చెప్పినదంతా విని, ఆమె వృత్తి ఏమిటో అడిగి తెలుసుకుని, ఆమె భాషలోనే జవాబు చెప్పింది.

“ప్రాణం పోతున్నట్టే ఉంటుంది. పోదు. బండిలో హారను నొక్కుకుపోయిందనుకోండి, ఎదురుగా ఎవరూ లేకపోయినా మోగుతూనే ఉంటుంది. చెవులు చిల్లులు పడతాయి. అంతమాత్రాన బండి దేనికో గుద్దుకున్నట్టు కాదుగా?”

తర్వాత రెండు దారులు చెప్పింది. మాత్రలు ఉన్నాయి, మంచివే, వాడి కుదుటపడినవారు ఎందరో ఉన్నారు. కాని ఆమెకు సరిపడే మాత్రలతో మొదట్లో మగత ఉంటుంది, ఆ రోజుల్లో అంబులెన్సు జోలికి వెళ్ళకూడదు. రెండో దారిలో మాత్రలు లేవు. భయం వేసే చోటికి కావాలని వెళ్ళాలి. దడ వస్తే పారిపోకుండా, అది తనంతట తాను దిగేదాకా అక్కడే ఉండాలి. మర్నాడు మళ్ళీ వెళ్ళాలి. చిన్నవాటితో మొదలుపెట్టి పెద్దవాటికి. మా వాడు మాత్రలవైపే మొగ్గాడు. అతన్ని తప్పుపట్టలేను; వాటితో నిద్రపట్టిన ముఖాలను రోజూ చూస్తున్నవాడు.

ఏది తొందరగా తేలుతుందని కోడలు అడిగింది. ఏదీ తొందరగా తేలదని డాక్టరమ్మ అంది. కోడలు కాసేపు తన అరచేతులు చూసుకుంది.

“రెండోదే చేస్తాను. వానలు పడేదాకా. అప్పటికీ లొంగకపోతే మాత్రలు రాయండి, వేసుకుంటాను. నాకేం నామోషీ లేదు.”

“అలాగే. ఇక ఇంట్లోవాళ్ళకు మందు రాస్తాను,” అంటూ డాక్టరమ్మ మావైపు తిరిగింది. చేతులు పట్టుకోవద్దంది. నీళ్ళ సీసాలు మోయవద్దంది. ఏం కాదు, ఏం కాదు అనవద్దంది. ఆమె వెళ్ళవలసిన చోటికి ఆమె బదులు ఎవరూ వెళ్ళవద్దంది. మనం పట్టుకున్నంతసేపూ, పట్టుకున్నారు కాబట్టే బతికాననుకుంటుంది అంది. “ఆవిడ మీద మీకున్న ప్రేమంతా చేతులు కట్టుకుని కూర్చోవటంలో చూపించాలి.”

నాకు లోలోపల కొంత గర్వం కలిగింది. చేతులు కట్టుకుని కూర్చున్నందుకే నాకు నెలనెలా పింఛను వస్తోంది.

*

ఆ వేసవిలో మా ఇల్లు అలిసిపోయింది. ఇంతకన్న సరైన మాట నాకు దొరకటం లేదు.

పొద్దున్నే కోడలు మెట్లు ఎక్కి దిగేది. నడిచి కాదు, పరుగెత్తి. కావాలనే గుండె గట్టిగా కొట్టుకునేలా చేసి, ఇది ఒట్టి కొట్టుకోవటమేనని దానికీ తనకూ తెలియజెప్పటం అందులోని ఉద్దేశం. కింది వాటాలో ఉండే దర్జీ మొదటి రోజు కత్తెర చేత్తో పట్టుకునే బయటకు వచ్చి, పైన ఏమైనా అంటుకుందా అని అడిగాడు. తర్వాత అలవాటుపడ్డాడు. ఆమె పరుగు వినిపించకపోతేనే తల బయటపెట్టి, ఇవాళ లేదా అమ్మా అనేవాడు.

తర్వాత వీధిలో నిలిపిన కారులో అద్దాలు మూసుకుని కూర్చోవటం. తర్వాత కిక్కిరిసిన కూరగాయల కొట్లో వరుసలో నిలబడటం. తర్వాత సిటీ బస్సు. ఒక రోజు బాగుండేది. ఇక గట్టెక్కామని మా ఆవిడ అనేది. మర్నాడు కోడలు వాకిలి దాటలేక, చెప్పులు విప్పి, మళ్ళీ తొడుక్కుని, మళ్ళీ విప్పేది. భయం మనిషిని ఎంత అలిసిపోయేలా చేస్తుందో నాకు ముందు తెలియదు. రాళ్ళు మోసినవాళ్ళలా అన్నం ముందు కూర్చుని నిద్రపోయేది.

మా అబ్బాయికి చేతులు కట్టుకోవటం చేతకాలేదు. రోజూ స్కూటరు మీద ఆమెను ఆఫీసుకు దింపి, తీసుకువచ్చే అలవాటు మానమని డాక్టరమ్మ చెప్పింది. మానాడు. మాని, కొట్టు వదిలేసి, ఆమె బస్సు దిగే చోట కరెంటు స్తంభం చాటున నిలబడేవాడు. మనిషి స్తంభం కన్న లావు. ఆమె చూసింది. ఇంటికి వచ్చి, కొట్టుకు కాపలా లేదు గాని స్తంభానికి మాత్రం భద్రత బాగుందని మా ముందే అంది. అతడు ముఖం తిప్పుకున్నాడు. ఆ తర్వాత నిలబడలేదు.

మా ఆవిడ సంగతి ఇంకా కష్టం. “దాహానికి నీళ్ళివ్వొద్దనే డాక్టరును నా జన్మలో చూడలేదు,” అని వంటింట్లో గిన్నెలతో చెప్పుకునేది. సంచి మానేసింది. చిన్న సీసా ఒకటి చీర కుచ్చిళ్ళ పక్కన దోపుకుని తిరిగేది. కూరగాయల కొట్లో కోడలికి దడ వచ్చిన ఒక రోజున నేను వాళ్ళ వెనకే ఉన్నాను. కోడలు తక్కెడ ముందు నిలబడి, బయటకు వదిలే ఊపిరిని నెమ్మదిగా, పొడుగ్గా వదులుతోంది. మా ఆవిడ చేయి సీసా మీదికి వెళ్ళింది. అక్కడే ఆగింది. తర్వాత ఆమె ఆ చేత్తో ఒక వంకాయ తీసుకుని, దాన్ని ఇటూ అటూ తిప్పి చూడసాగింది. కోడలు కుదుటపడి డబ్బులిచ్చి బయటకు వచ్చేదాకా అదే వంకాయను చూసింది. కొట్టువాడు, కొంటారా అమ్మా లేక సంబంధం కుదుర్చుకుంటారా అన్నాడు. మా ఆవిడ దాన్ని కింద పెట్టేసింది.

వేసవి సగంలో అంతా తిరగబడింది. ఫోను గదిలో ఉండగా దడ వచ్చి, కోడలు తట్టుకోలేక ఇంటికి వచ్చేసింది. మర్నాడు వెళ్ళలేదు. ఆ మర్నాడూ వెళ్ళలేదు. గది తలుపు దగ్గరగా వేసుకుని పడుకుంది. మూడో రోజు మా వాడు కొట్టునుంచి ఒక మాత్రల అట్ట తెచ్చి భోజనాల బల్ల మీద పెట్టాడు. వేసుకోమని అనలేదు. ముఖం పీక్కుపోయి ఉంది.

“ఊరందరికీ నిద్ర అమ్ముతాను నాన్నా. మన ఇంట్లో మాత్రం స్టాకు లేదు,” అన్నాడు.

కోడలు వచ్చి బల్ల ముందు కూర్చుని ఆ అట్టను చూసింది. విసుక్కోలేదు, పక్కకు తోయలేదు. వానలు పడితే ఇవే వేసుకుంటానని, వీటిని జాగ్రత్తగా ఉంచమని భర్తతో చెప్పింది. ఆ తర్వాత నావైపు తిరిగి, స్కూలాయన కారు రేపు పొద్దున దొరుకుతుందా అని అడిగింది. అత్తయ్య రావద్దు, ఈయనా రావద్దు, మీరొక్కరే రండి మామయ్యా అంది. ఎందుకని అడిగాను.

“మీరు ఏమీ అనరు కాబట్టి.”

దీన్ని నేను ప్రశంసగానే స్వీకరించాను.

*

స్కూలు కారులో రెండు బ్రేకులుంటాయి. ఒకటి నడిపేవారి కాలికింద, రెండోది పక్కన కూర్చున్నవారి కాలికింద. పరీక్షలు పెట్టే కారులోనూ అంతే. మా వృత్తిలో దీనికి ఒక కఠినమైన నియమం ఉంది. పరీక్షాధికారి కాలు ఆ రెండో బ్రేకు మీద పడిందా, ఎదుటివారు తప్పినట్టే. కారణాలు, సంజాయిషీలు ఉండవు. అందుకే మంచి అధికారి తన పాదాన్ని పెడలుకు ఆనకుండా, నేల మీద చదునుగా ఉంచుకుంటాడు. అవసరం లేకుండా ఎన్నడూ దాన్ని తాకలేదని నాకు పేరు. ఎర్రదీపమని పిలిచినవారు కూడా ఈ మాట ఒప్పుకుంటారు.

రోజూ పొద్దున్నే వెళ్ళేవాళ్ళం. మొదట్లో వంతెన ముందు ఆపుకుని కూర్చునేవాళ్ళం. దడ వచ్చేది, దిగేది, ఇంటికి వచ్చేసేవాళ్ళం. తర్వాత వంతెన మీదికి కొంత దూరం వెళ్ళి, నడిమి గోడలో అంబులెన్సులు తిరగటానికి విడిచిన ఖాళీలోంచి వెనక్కి మళ్ళేవాళ్ళం. నడిమధ్య భాగం మాత్రం మిగిలిపోయింది. ఆ ఖాళీ వచ్చేసరికి ఆమె చేయి తనంతట తానే సైగ దీపం మీట మీదికి వెళ్ళేది.

ఆకాశం మబ్బుపట్టి, గాలి స్తంభించి, వాన మాత్రం రాని ఒక ఉదయం, ఆ ఖాళీ దగ్గర ఆమె చేయి మీట మీదికి వెళ్ళలేదు. కారు తిన్నగా ముందుకు పోయింది.

ముందు ఇనుప చువ్వల లారీ ఒకటి ఉంది. వెనక ఇంకో లారీ. ఆమె వేగం సరిగ్గా ఉంది. ముందు బండికి విడవవలసిన దూరం విడిచింది. చక్రం గీత దాటలేదు. ఇవన్నీ నేను తర్వాత గుర్తు చేసుకున్నవి. ఆ క్షణంలో నేను రోడ్డు చూడటం లేదు, ఆమె ముఖం చూస్తున్నాను. పెదవులు పాలిపోయాయి. మెడ మీద నరం ఎగిరెగిరి పడుతోంది. గొంతులోంచి చిన్న శబ్దం వచ్చింది. గాలి లోపలికి పోలేక అడ్డం తిరిగిన శబ్దం.

కారు ఒక్క కుదుపుతో ఆగిపోయింది. ఇంజను చచ్చిపోయింది. వంతెన నడిమధ్య.

వెనకనుంచి హారన్లు మొదలయ్యాయి. ఒకటి, దాని వెనక ఇంకోటి, ఆ వెనక వంతెన పొడుగునా. కోడలు రెండు చేతులతో స్టీరింగు పట్టుకుని, కళ్ళు తెరుచుకుని, వంతెన ఇనుప కమ్మీలను చూస్తోంది. ఇప్పుడు దిగి పారిపోవటానికి చోటు లేదు; ముందుకు కారు కదలదు, వెనక్కి దారి లేదు. చెమట గడ్డం మీదుగా కారుతోంది. ఆమె పెదవులు కదిలాయి. నాతో కాదు.

“మోగు,” అంటోంది. “మోగు. మోగు.”

ఎంతసేపో చెప్పలేను. కాలం నా లెక్కకు అందలేదు. అంతకంతకూ పెరిగిన ఊపిరి ఎక్కడో ఒకచోట ఆగింది. ఆ తర్వాత కొంచెం పొడుగైంది. ఇంకొంచెం. భుజాలు కిందికి దిగాయి. ఎవరూ నీళ్ళివ్వలేదు. ఎవరూ చేయి పట్టుకోలేదు. అదే దిగింది.

అప్పుడు వెనక లారీ డ్రైవరు దిగి తిట్టటానికి వచ్చాడు. ఆమె కిటికీ దగ్గర వంగి నోరు తెరిచాడు. ఆమెను చూశాడు, నన్ను చూశాడు. కోపం దిగిపోయింది.

“ఏమ్మా, పెద్దాయనకు ఏమైనా అయిందా?” అని అడిగాడు.

కోడలు అప్పుడు మొదటిసారి నావైపు తిరిగింది. నా ముఖంలో ఏముందో నాకు తెలియదు. చాలా ఉండి ఉంటుంది.

“ఏం కాలేదన్నా. కొంచెం భయపడ్డారు. తగ్గిపోతుంది,” అని అతనితో అంది. తర్వాత నాతో, “మామయ్యా, కాలు తీయండి,” అంది.

కిందికి చూశాను. నా కుడి పాదం రెండో బ్రేకును నేలదాకా నొక్కిపట్టి ఉంది. తీద్దామనుకున్నాను. రాలేదు. మోకాలినుంచి మడమదాకా వణుకుతోంది. ఆ కాలు నాది కానట్టే ఉంది. నా వయసు, నా హోదా, నా పేరు ఏవీ ఆ కాలికి తెలిసినట్టు లేవు.

కోడలు నా చేయి పట్టుకోలేదు. ఏం కాదు మామయ్యా అనలేదు. వెనక వంతెనంతా హారన్లు మోగుతుంటే, ఆగిన బండికి వేయవలసిన దీపాలు వేసి, చేతులు ఒడిలో పెట్టుకుని, ముందుకు చూస్తూ కూర్చుంది. లారీ డ్రైవరు కిటికీ పట్టుకుని నిలబడ్డాడు. ఏదో పెద్ద విషయం జరుగుతోందని అనుకున్నాడు కాబోలు, వెనకవాళ్ళకు ఆగమని చేత్తో సైగ చేశాడు.

కొంతసేపటికి కాలు నా మాట విన్నది. తీశాను.

ఆమె ఇంజను తిప్పింది, అద్దం చూసింది, కదిలింది. అవతలి ఒడ్డు చేరాక రోడ్డు పక్కన ఆపింది.

“ఫెయిలేనా?” అని అడిగింది.

“నియమం ప్రకారం ఫెయిలే,” అన్నాను.

ఆమె నవ్వింది. ఆ వేసవిలో మొదలై ఆగిపోయిన నవ్వులన్నీ అందులో కలిసి వచ్చినట్టున్నాయి. స్టీరింగు మీద తల ఆనించి, కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. నేనూ ముఖం గంభీరంగా ఉంచుకోవటానికి శ్రమపడ్డాను. ఫలితం అంత బాగా లేదు.

“అయితే వెనక్కి వెళ్ళేటప్పుడు మళ్ళీ పెట్టండి పరీక్ష,” అంది. వెనక్కి వస్తుంటే వంతెన మీద దడ మళ్ళీ వచ్చిందని నాకు తెలుసు. ఆమె ఆ ఊపిరిని పొడుగ్గా వదలటం విన్నాను. నేను నా మోకాళ్ళను రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాను.

*

మర్నాటినుంచి మన కారులోనే వెళ్దామంది. అందులో మీకు ఆ పెడలు లేదుగా మామయ్యా అంది. లేదు గాని, కాలికి ఆ సంగతి తెలియదు. లేని బ్రేకును వెతుక్కుంటూ అది నేలను నొక్కుతూనే ఉంది, ఆ చప్పుడు ఆమెకు వినిపిస్తూనే ఉంది. చివరికి నేను చెప్పులు విప్పి, ముందు సీటులో బాసింపట్టు వేసుకుని కూర్చోవటం మొదలుపెట్టాను. ఇస్త్రీ చొక్కా, చేతి గడియారం, కింద బాసింపట్టు. పక్క బండ్లవాళ్ళు తొంగిచూసేవారు. మా ఆవిడ బాల్కనీలోంచి చూసి, ఈ భంగిమలో మీ శిష్యులెవరైనా చూస్తే ఇన్నేళ్ళ ఫెయిళ్ళు రద్దవుతాయి అంది.

ఆ తర్వాత నన్ను వంతెన ముందు దింపేయసాగింది. తాను వెళ్ళి, తిరిగి వచ్చి, ఎక్కించుకునేది. పక్కన కూర్చోవటం కన్న అక్కడ నిలబడటం కష్టం. కారు చిన్నదై చిన్నదై బండ్లలో కలిసిపోయేది. నేను వంతెన కింది నీటిని చూసేవాణ్ణి. కరెంటు స్తంభం చాటున నిలబడిన మా వాడి మీద అప్పట్లో నాకు చాలా గౌరవం కలిగింది.

తొలి వానలు పడ్డాయి. పరీక్షకు వచ్చే అధికారి నాకింద పనిచేసినవాడే. ముందు రోజు ఫోను చేశాడు. మీ కోడలని తెలిసింది సార్, ఊళ్ళో వీధుల్లో తిప్పి సంతకం పెట్టేస్తాను, వంతెన దాకా ఎందుకు అన్నాడు. గౌరవంతోనే అన్నాడు. పరీక్ష నాది కాదని చెప్పి ఫోను కోడలికి ఇచ్చాను. ఆమె అతను చెప్పినదంతా విని, వంతెన మీదుగానే వెళ్దామండీ అంది, ఫోను పెట్టేసింది. తర్వాత చాలాసేపు గదిలో ఒక్కతే కూర్చుంది. మాత్రల అట్ట బల్ల సొరుగులోనే ఉంది. ఎవరూ దాన్ని గురించి ఎత్తలేదు.

మర్నాడు వాన జోరుగానే ఉంది. మా వాడు కొట్టు తెరవలేదు. మేం ముగ్గురం బాల్కనీలో నిలబడ్డాం. మా ఆవిడ, నేను, వాడు, ఆ వరుసలో. చేతులు కట్టుకుని. మధ్యాహ్నం దాటింది. ఏ ఇంజను చప్పుడు విన్నా మా వాడు కమ్మీ మీదికి వంగేవాడు.

అంబులెన్సు మా వీధిలోకి సైరను లేకుండా, నెమ్మదిగా వచ్చి ఆగింది. వీధిలో కిటికీలు తెరుచుకున్నాయి. కింది వాటా దర్జీ కంగారుగా వాననీళ్ళలోకి వచ్చి, తల పైకెత్తి ఎవరికేమైందని అడిగాడు.

“ఎవరికీ ఏమీ కాలేదు. మా కోడలు పనినుంచి వచ్చింది,” అంది మా ఆవిడ.

కోడలు పైకి వచ్చింది. జుట్టు తడిసింది, ముఖం వాడిపోయింది, బాగా అలిసిపోయి ఉంది. కుర్చీలో కూలబడింది. మా ఆవిడ గ్లాసుతో నీళ్ళు తెచ్చి, ఇవ్వాలో వద్దో తెలియక మధ్యలో ఆగింది. దాహమే అత్తయ్యా, ఇవ్వండి అంది కోడలు. గుక్క తిప్పుకోకుండా తాగింది.

“దడ వచ్చింది మామయ్యా. సరిగ్గా అక్కడే. వానకు అద్దంలోంచి దారి కూడా సరిగా కనబడలేదు,” అంది. “వెనక పేషెంటు ఉన్నాడనుకున్నాను. కొంతమంది దారంతా అరుస్తారు చూడండి. అరవొద్దంటే వింటారా? వాళ్ళు అరుస్తూనే ఉంటారు, మనం నడుపుతూనే ఉంటాం. దింపాల్సిన చోట దింపుతాం.”

మా వాడు లేచి లోపలికి వెళ్ళాడు. సొరుగులోంచి మాత్రల అట్ట తీసి, అవసరమైన వాళ్ళకు పనికివస్తుందని చొక్కా జేబులో పెట్టుకుని, కొట్టు తెరవటానికి వెళ్ళాడు.

దడ పూర్తిగా పోలేదు. ఎప్పుడైనా వస్తుంది, కాసేపు ఉండి వెళుతుంది. ఇంట్లో ఎవరూ లేచి నిలబడరు. నేను మాత్రం ఆ తర్వాత కారు ముందు సీటులో బాసింపట్టు మానలేదు.

జరిగినదాన్ని జరిగినట్టు చెప్పి, చివర ఫలితం ప్రకటించటం నా వృత్తి ధర్మం. ఆమెకు పరీక్ష పెట్టినవాడు తన సంతకం తాను పెట్టాడు. ఆ వేసవి అంతా పక్క సీటులో కూర్చున్నవాడిగా నేను ధ్రువీకరిస్తున్నది ఇది: మా కోడలు, అంబులెన్సు డ్రైవరు, గుండె దడతోనే, చెమట పట్టిన అరచేతులతోనే, కళ్ళు తెరుచుకుని ఆ వంతెనను రెండు దిక్కులా దాటినది. బండికి గాని, దారినపోయేవారికి గాని హాని కలగలేదు. రెండో బ్రేకు అవసరం ఏ రోజూ పడలేదు. ఆమె నెగ్గినది.